నాన్న బ్రష్షుతో రాసిన బయోడేటా

ఇప్పటి పిల్లలు రెజ్యూమె అంటున్నారు గానీ, మా రోజుల్లో అది బయోడేటా. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో పడున్న నాకు సెలవుల్లో ఉద్యోగం కావాలి. అదీ కొత్తగా తెరిచిన ఫ్లెక్సు షాపులోనే కావాలి. చల్లటి గదిలో, కంప్యూటరు ముందు, తిరిగే కుర్చీలో కూర్చోవాలి. అంతకు మించిన భోగం ఉంటుందని అప్పట్లో నాకు తెలియదు.

చిక్కల్లా మా నాన్నతోనే. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో సగం కొట్ల పేర్లు ఆయన చేతి రాతే. ఆ షాపు వచ్చాక బోర్డు రాయించుకునే నాథుడే లేడు. రంగు డబ్బాలకు మూతలు బిగించి, పొద్దున చదివిన పేపరునే మధ్యాహ్నం మళ్ళీ తిరగేసేవాడు.

నేను బయోడేటా రాసుకుని బయల్దేరుతుంటే, "ఎక్కడికే ఆ కాగితం?" అన్నాడు.

నసిగి నసిగి చెప్పాను.

"మన పొట్ట కొట్టినవాడి దగ్గరికా?"

"దాన్నైనా వెళ్ళనివ్వండి," అంది అమ్మ వంటింట్లోంచి. "మీరిద్దరూ ఇలా మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే నేను చూడలేను."

నాన్న, నేను బాల్‌పెన్నుతో రాసింది లాక్కుని చూసి మొహం చిట్లించాడు. "ఇవి అక్షరాలా, కోడి కెలికిందా? నేనుండగా ఇది పట్టుకెళ్తే నా పరువేం కావాలి?"

దళసరి తెల్ల కాగితం పరిచాడు. పెన్సిలుతో గీతలు కొట్టాడు. ఎన్నాళ్ళకో డబ్బా మూత తెరుచుకుని ఇల్లంతా టర్పెంటైన్ వాసన కమ్ముకుంది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. పేరు, చదువు అయ్యాక, 'అనుభవం' దగ్గర నేను నీళ్ళు నమిలాను.

"లేదని రాసెయ్ నాన్నా."

"ఎందుకు లేదు? నేను అంచులు గీస్తే లోపల రంగు నింపింది మీ తాతా?" అని, 'బోర్డు అక్షరాల్లో రంగు నింపుట, చిన్నప్పటి నుండి' అని రాశాడు. నాకు గర్వంగా అనిపించింది.

ఆ గర్వం కాసేపైనా నిలవనివ్వలేదు మహానుభావుడు. చివర్లో, బోర్డు ముగించినప్పుడు వేసినట్టే, కింద కుడి మూలన తన సంతకం పెట్టి, 'పెయింటర్' అని రాసి ఫోను నెంబరు వేసేశాడు.

"ఇది బోర్డు కాదు నాన్నా!"

నాలిక్కరుచుకున్నాడు. మళ్ళీ రాయాలంటే ఇంకో పూట పడుతుంది. చేసేది లేక దాన్నే ఇచ్చి వచ్చాను.

రెండు రోజులకు షాపు యజమాని ఫోను చేసి, "నాన్నగారికి ఇవ్వమ్మా," అన్నాడు. నాన్న ఊ కొడుతూ విన్నాడు. "మరి మా అమ్మాయి?" అని అడిగాడు. ఫోను పెట్టేసి నా వైపు చూడలేదు.

"నన్ను రమ్మంటున్నాడే. వాళ్ళ కంప్యూటర్లో అక్షరాలన్నీ ఒకే మూసట. నేను కొత్తవి గీసిస్తే అందులోకి ఎక్కించుకుంటాడట. ఒక్కళ్ళకే చోటుందన్నాడు. నేను వెళ్ళనులే."

ఒళ్ళు మండిపోయింది. నా బయోడేటా, నా ఉద్యోగం, నా తిరిగే కుర్చీ! ఆయన్ని వెళ్ళమని నేను ఒక్క మాట అనలేదు. అన్నం కూడా తినకుండా ముసుగుతన్ని పడుకున్నాను.

పొద్దున చూస్తే నాన్న మళ్ళీ పేపరు తిరగేస్తున్నాడు. గడ్డం మాత్రం నున్నగా గీసుకున్నాడు. ఆ గడ్డం చూశాక నా కోపం ఎటు పోయిందో. ఏమీ అనకుండా ఆయన చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చాను.

"కంప్యూటరు వచ్చా అంటే ఏం చెప్పనే?" అన్నాడు దారిలో.

"రాదని ఊరుకోకు. నేర్చుకుంటానని చెప్పు."

నాకోసమని అద్దం ముందు బట్టీ పట్టిన జవాబులన్నీ దారి పొడవునా ఆయనకు అప్పజెప్పాను. ఆయన బుద్ధిగా తిరిగి చెప్పాడు. షాపు ముందుకు వచ్చాక ఆగిపోయి, "నువ్వూ లోపలికి రావే," అన్నాడు.

"ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు తోడు తెచ్చుకోరు నాన్నా."

చొక్కా సర్దుకున్నాడు. అద్దాల తలుపు నెట్టాలో లాగాలో తెలియక కాసేపు తడబడి, లోపలికి వెళ్ళాడు. నేను ఎదుటి కొట్టు మెట్ల మీద కూర్చుని, ఆయన బయటికి వచ్చేదాకా ఆ తలుపు వైపే చూస్తూ ఉన్నాను.