ఒక్క బకెట్ జిగురు

అంతయ్య స్తంభం మూలను అరచేత్తో తడిమి చూశాడు. ఇంకా పదునుగానే ఉంది. మూల నున్నగా గుండ్రం తిరగకపోతే పైన చుట్టే గుడ్డ అక్కడే తెగుతుంది కనుక మళ్లీ గ్రైండరు పట్టి అరగదీశాడు. సిమెంటు దుమ్ము కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ పాత అపార్టుమెంటు సెల్లారు అది. లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడిన స్తంభాలకు నల్లటి కార్బన్ గుడ్డను జిగురుతో చుట్టి బలం తేవడం అతని పని. ఇదే చివరి స్తంభం.

ఒంటిచేత్తో అయ్యే పని కాదది. ఒకరు గుడ్డను బిగబట్టి చుట్టూ తిరగాలి. వెనకే ఇంకొకరు గాలిబుడగలు లేకుండా రోలరుతో నొక్కుకుంటూ రావాలి. ఏళ్ల తరబడి ముందు అంతయ్య, వెనక తెనాలి నుంచి వచ్చిన విశ్వేశ్వరరావు. గానుగెద్దుల్లా తిరిగారు పాపం, ఒక్కనాడూ అడుగు తడబడలేదు.

ఇవాళ విశ్వేశ్వరరావు వెళ్లిపోతున్నాడు. తెలంగాణ కోసం రేపటి నుంచి బస్సులు కూడా సమ్మెలోకి దిగుతున్నాయి. అతని భార్య సుమిత్రమ్మ గది ఖాళీ చేసి, ట్రంకుపెట్టెతో ఎల్‌బీనగర్ చౌరస్తాలో మధ్యాహ్నం బస్సు కోసం కూర్చుంది.

"నిన్నెవరన్న ఏమన్న అన్నరా అన్నా?" అడిగాడు అంతయ్య.

"ఎవరూ అనలేదు. టీవీలో గొడవలు చూసి మా ఆవిడకి నిద్ర పట్టట్లేదు. తెనాల్లోనే పని చూస్తానన్నాడు మా తమ్ముడు."

"మీర్‌పేటల మా ఇంట్ల ఉండరాదు? నేను లేనా?"

విశ్వేశ్వరరావు నవ్వాడు. "నువ్వున్నావులే. సాయంత్రం ధర్నాకీ నువ్వే పోతావు కదా."

అంతయ్య గ్రైండరు పక్కన పెట్టాడు. నిజమే, పోతాడు. ఊళ్లో ఎండిన చెలక భూమి, ఇంట్లో కొలువు లేని కొడుకు. తెలంగాణ కావాలి. ఈ మనిషీ కావాలి. రెండూ కలిపి ఎవరిని అడగాలో అతనికి తెలియలేదు.

విశ్వేశ్వరరావు చాయ్ కోసం బయటికి వెళ్లినప్పుడు అంతయ్య ఆ పని చేశాడు. జిగురులో గట్టిపరిచే మందు కలిపాక అది అయిపోయేదాకా ఎవరూ చెయ్యి కడుక్కుని పోరాదని వాళ్లిద్దరి కట్టుబాటు. ఎప్పుడూ ఒక్కో మగ్గెడే కలుపుకునేవారు. ఇవాళ అంతయ్య డబ్బాలన్నీ బకెట్లో కుమ్మరించి కలిపేశాడు. ఇదంతా పూసేసరికి బస్సు పోతుంది. రేపు బస్సుల్లేవు, ఎల్లుండీ ఉండవు.

తిరిగొచ్చిన విశ్వేశ్వరరావు బకెట్లోకి ఓసారి చూసి, బ్రష్షు ముంచాడు. ఒక చుట్టు పూర్తయ్యింది. రెండో చుట్టుకు గుడ్డ కత్తిరిస్తుంటే బకెట్లోంచి పొగ లేచింది, ఘాటైన వాసన కొట్టింది. విశ్వేశ్వరరావు బ్రష్షు అందుకోబోయాడు. అది జిగురులో బిగుసుకుని కదల్లేదు.

"ఇంత ఒక్కసారే కలిపితే వేడెక్కి గడ్డకట్టుద్దని నీకు తెలీదా అంతయ్యా?"

"ఎరుకే. ఆ గడియకు యాదికి రాలే."

"మరెందుకు..." ఆగిపోయాడు. అర్థమైంది. గుడ్డపేలిక థిన్నరులో ముంచి ముందు అంతయ్య వేళ్లు తుడిచాడు, తర్వాత తనవి. కళ్లు మాత్రం ఎత్తలేదు. "ఒక్కడివే చుట్టకు, ముడతలొస్తాయి. తోడు పెట్టుకో."

"'పోయొస్త' అని చెప్పిపో అన్నా."

విశ్వేశ్వరరావు మెట్ల మీద నుంచి చెయ్యి ఊపాడు గానీ ఆ మాట అనలేదు.

అంతయ్య చాలాసేపు పక్క స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. బకెట్ చల్లబడింది. బండలా బిగిసిన జిగురు నడుమ విశ్వేశ్వరరావు బ్రష్షు నిటారుగా నిలబడి ఉంది, పిడికి అతను చుట్టుకున్న పాత లుంగీ పేలిక ఇంకా చెమటతో తడిగానే ఉంది.