కారే గోడ

జగ్గరాజు గారు ధవళేశ్వరం వెళ్ళి, అక్కడ ఒక దొర కొండవాలున మెట్లుమెట్లుగా వేసుకున్న పూలతోట చూసి వచ్చారు. ఆ రోజు నుంచి ఆయనకు అలాంటి తోట కావాలి. భీమవరం పక్కన ఆయన ఊళ్ళో ఎత్తయిన వస్తువంటే గడ్డిమేటు ఒక్కటే. కొండ లేకపోతే ఏం, పోయించుకుందాం అన్నారు. రెండు వేసవులు ఊరంతా మట్టి మోసింది. ఆ మట్టి జారకుండా రాతిగోడ కట్టడానికి ధవళేశ్వరం నుంచి పడవల మీద రాయితో పాటు రాతిపనివాడు పోలన్ననీ, అతని భార్య రత్తమ్మనీ దించారు.

"ఒక్క వానాకాలం గోడ నిలబెట్టరా. ఊళ్ళో మీకు ఇంటిస్థలం రాసిస్తాను," అన్నారు రాజుగారు.

రత్తమ్మ ఆ మాట విని ఏడ్చేసింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళుగా ఎక్కడ రాయి కొడితే అక్కడే పాక వేసుకున్న మనిషి.

పోలన్న సున్నం గానీ అడుసు గానీ వాడలేదు. రాయి మీద రాయి బిగించి, కొండవైపు కాస్త వాల్చి, సందులు వదిలి కట్టాడు. లోపలి నీరు ఆ సందుల్లోంచి కారిపోవాలి, లేకపోతే మట్టి ఉబ్బి గోడను తోసేస్తుంది. ఈ ముక్క రోజుకు పదిమందికి చెప్పాడు. అందరూ తల ఊపారు.

ఆషాఢంలో వాన పట్టింది. గోడ చక్కగా కారసాగింది. పోలన్న మురిసిపోయాడు. ఊరికి మాత్రం గుండె ఆగినంత పనయింది. బుద్ధెరిగినప్పటి నుంచి గట్లకు గండి పడకుండా కాచుకున్న రైతులాయె, కారే చిల్లు కంటబడితే వాళ్ళ చెయ్యి ఊరుకోదు. పొలానికి పోయేవాడు పోతూ ఒక ముద్ద, వచ్చేవాడు వస్తూ ఒక ముద్ద బంకమట్టి సందుల్లో కూరసాగారు.

"బాబూ, మూయకండి! గోడ పడిపోద్దండి!"

"పర్లేదులే పోలన్నా, మాకేం శ్రమ," అనేవారు ఆప్యాయంగా.

పోలన్న ఇనపచువ్వ పట్టుకుని పొడుచుకుంటూ పోతే, వాళ్ళు వెనకే మూసుకుంటూ వచ్చారు. కరణం గారు కూడా గొడుగు కిందనే వంగి రెండు మూశారు.

ఆరో రోజు పొద్దున గోడ పొట్ట ఉబ్బింది. అడుగున ఒక్క పెద్ద సందు మాత్రం కారుతోంది. దాన్నైనా కాపాడుకుందామని పోలన్న పరిగెత్తాడు. అక్కడ రత్తమ్మ, మోచేతుల దాకా బురదతో, శ్రద్ధగా మెత్తుతోంది.

"ఏంటే ఇది!"

"అందరూ మూస్తుంటే మనం చూస్తా కూర్చుంటే ఏం బాగుంటదయ్యా? రేపు ఈ ఊళ్ళో ఉండాల్సినోళ్ళం."

పోలన్న ఆమెను చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు. గోడ బొర్లా పడింది. కొండ దాని వెంటే వచ్చి వరిచేలో కూర్చుంది.

జగ్గరాజు గారు వచ్చి చూశారు. పోలన్నకు ఇక పాక విప్పుకోవడమే. రాజుగారు రత్తమ్మ బురద చేతుల వైపు చూశారు.

"చివరిదాకా మూసింది ఈ పిల్లేనా? ఇది మన ఊరి మనిషే. స్థలం దీని పేర రాయండి," అని కరణానికి చెప్పి, పోలన్న వైపు తిరిగారు. "నువ్వు మాత్రం, ఊరంతా వద్దంటున్నా గట్టుకు చిల్లులు పొడిచావు. నీలాంటివాణ్ణి ఊళ్ళో ఉండనివ్వకూడదు. రత్తమ్మ మొగుడివని ఊరుకుంటున్నాను."

పోలన్న చెప్పవలసింది చాలా ఉంది. నోరు తెరిచి, రత్తమ్మ వైపు చూశాడు.

"చిత్తం అండి," అన్నాడు. "ఇంకెప్పుడూ పొడవనండి."