ఇరవై ఏడో కుర్చీ

పెద్దక్క ప్రాణం పోయాక కూడా నలభై నిమిషాలు ఉద్యోగం చేసింది. కార్మికులారా, చదువుకుంటున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మాది మూడో అంతస్తులో, కిటికీలకు తెరలు బిగించిన హాలు. ఆస్పత్రుల పాత కాగితాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కించే పని. నూట ఇరవై మందిమి. ప్రతి కుర్చీ కింద ఒక మీట, ప్రతి బల్ల మీద ఒక ఎర్ర దీపం. కూర్చుంటే ఆరుతుంది, లేస్తే వెలుగుతుంది. భోజనం, టీ వేళలు కాక రోజుకు రెండుసార్లు వెలగవచ్చు. మూడోసారి వెలిగితే గోడ మీది బోర్డులో పేరు పడుతుంది. వారంలో మూడుసార్లు పేరు పడితే పని ఊడుతుంది. ఈ ఏర్పాటు చేసిన మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు మేకు. మనుషుల్ని కుర్చీలకు దిగ్గొట్టేవాడికి అంతకంటే మంచి పేరు దొరకలేదు.

పెద్దక్కది ఇరవై ఏడో కుర్చీ, నాది ఇరవై ఎనిమిది. ఆమె పిక్క వాచింది. డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. దాన్ని పట్టుకుని ఇద్దరం మేకు దగ్గరికి వెళ్ళాం.

“అరగంటకోసారి లేచి మూడు నిమిషాలు నడవమన్నారు సార్.”

“నడవడానికి పార్కులున్నాయి. ఇది ఆఫీసు.”

“కాలు ఒక్కసారి చూడండి సార్, ఎలా వాచిందో.”

“నీకు ఒప్పుకుంటే రేపు నూట ఇరవై మందీ లేస్తారు. వెళ్ళి కూర్చో.”

చీటీని సొరుగులో పడేశాడు. పెద్దక్క వెళ్ళి కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

మాలో ఒక అలవాటుంది. ఎవరైనా బల్ల మీద తల వాలిస్తే పక్కవాళ్ళం అటు చూడం. మేం చూస్తే మేకు చూపు కూడా అటే పోతుందని భయం. మూడో రోజు మధ్యాహ్నం పెద్దక్క తల వాల్చింది. కునుకు తీస్తోందనుకుని, మేకుకు కనబడకుండా నా కుర్చీ ముందుకు జరిపి అడ్డం కూర్చున్నాను. టీ గంట కొట్టాక భుజం తట్టాను. చెయ్యి జారి కిందికి వేలాడింది. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు చేరిందట. నేను కాపాడుతున్నాననుకున్నది ఆమెను. కాపాడింది మాత్రం మేకును.

మర్నాడు పొద్దున బోర్డు మీద ఇలా ఉంది: ‘నిన్న ఒక్కసారి కూడా లేవని సీటు, 27.’ పక్కన ఒక నక్షత్రం. దాన్ని తీసేయాలని కూడా ఎవడికీ తోచలేదు.

మెట్ల దగ్గర గుమిగూడాం. మాలో బావ అని అందరూ ఆటపట్టించే పిరికి మనిషి ఒకడున్నాడు. ముందు అతనే నోరు విప్పాడు.

“పోయినామె తిరిగొస్తుందా? మన పొట్ట మనమే కొట్టుకోవడం తప్ప!”

“లేస్తే నీ మోకాళ్ళు పటపటమంటాయి కదా బావా,” అన్నాను. “రేపు ఆ నక్షత్రం నీకే.”

ఊడ్చే పిన్ని చీపురు గోడకు ఆనించింది. “మీరు కూర్చుని చస్తున్నారు, నేను నిలబడి చస్తున్నా. చంపేవాడు మాత్రం ఒక్కడే. వాణ్ణి వదిలేసి మీలో మీరు కొట్టుకోండి!”

పదిన్నరకు అందరం లేవాలని అక్కడే తేల్చుకున్నాం.

పదిన్నరకు నేను లేచాను. దీపం వెలిగింది. ఇంతలో పటపటమని మోకాళ్ళ చప్పుడు. ఎవరూ నవ్వలేదు. బావ లేచాడు. ఆ వెనకే ఆ వరస, ఈ వరస, హాలంతా ఎరుపు.

మేకు పరుగెత్తుకొచ్చాడు. “కూర్చోండి! నూట ఇరవై మందినీ పీకేస్తా!”

“నూట పంతొమ్మిది సార్,” అన్నాను. “ఒకరిని మీరు నిన్ననే తీసేశారు.”

బావ ఇరవై ఏడో కుర్చీ లాగాడు. “కూర్చోండి సార్.”

చుట్టూ నిలబడ్డాం. కూర్చున్నాడు. అరగంటకు మూడు నిమిషాల నడక ఇస్తానని రాసి సంతకం పెట్టేదాకా లేవకూడదన్నాం. అరగంటకోసారి మేం అతని చుట్టూ నడిచాం. అతను కాస్త లేవబోతే దీపం వెలిగేది, హాలంతా “లైటు!” అని అరిచేది. మూడో గంటకు కాళ్ళు తిమ్మిరెక్కాయని బతిమాలాడు.

“నడవడానికి పార్కులున్నాయి సార్,” అంది పిన్ని.

నాకు జాలి కలగలేదు. కలగలేదని చెప్పడానికి సిగ్గూ లేదు. ఆ చెమట పట్టిన ముఖం చూస్తుంటే కడుపు చల్లబడింది.

సంతకం పెట్టాడు. పోలీసులు రాగానే ఆ కాగితం చింపేశాడు. ఆరుగురిని బండెక్కించారు. అందులో నేనూ బావా ఉన్నాం.

స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. అరగంట కాగానే ఆరుగురమూ లేచాం.

“ఏయ్, కూర్చోండి!” అని హెడ్ కానిస్టేబులు గద్దించాడు. మేం కూర్చోలేదు. అప్పుడే ఫోను మోగింది. విని, ఫోను చేత్తో మూసి మా వైపు తిరిగాడు.

“మీ హాల్లో మళ్ళీ అందరూ లేచారంట. ఎంత బెదిరించినా కూర్చోవడం లేదంట. ఎవరు చెప్తే కూర్చుంటారయ్యా వాళ్ళు?”

బావ మోకాళ్ళు నిటారుగా పెట్టి నిలబడ్డాడు.

“ఇరవై ఏడో కుర్చీలో మా పెద్దక్క ఉండేది,” అన్నాడు. “ఆవిణ్ణి తీసుకొచ్చి చెప్పించండి. కూర్చుంటాం.”