గాజు అక్షరం వెనక పేరు

నేను ఒక ఫైలుని. బీరువాలో దుమ్ము పట్టే రకాన్ని కాదు, నరసరావుపేటలో ఒక ఫ్లెక్సీల షాపు కంప్యూటర్లో ఉండేదాన్ని. నా లోపల గాజు అక్షరాలుంటాయి. ఎవరైనా నన్ను తెరిస్తే చాలు, ఈ చెయ్యి ఎవరిది, ఏం తీసుకుపోవడానికి వచ్చింది అని మొదట అనుమానపడతాను. ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. మనుషుల దగ్గరే నేర్చుకున్నాను.

నన్ను తయారుచేసింది నాగూర్ బీ. ఆ షాపులో ఆరేళ్ళుగా డిజైన్లు చేస్తోంది. ఒక మధ్యాహ్నం గోలీసోడా తాగి, ఖాళీ సీసాను కిటికీ దగ్గర పెట్టి, వెలుగు దాని మీద ఎక్కడ పడుతోందో చాలాసేపు చూసింది. తర్వాత లావుపాటి అక్షరాలు టైపు చేసి, వాటి లోపలి రంగును సున్నాకు తగ్గించింది. అక్షరాలు మాయమయ్యాయి. అప్పుడు పై అంచున సన్నని తెల్లటి మెరుపు, కింది అంచున కాస్త నీడ, మధ్యలో ఒక వంపు నిగనిగ పెట్టింది. లేని అక్షరాలు గాజులా లేచి నిలబడ్డాయి. వెనక పూలుంటే పూలు, ఆకాశముంటే ఆకాశం వాటిలోంచి కనిపించేవి.

మూడు రోజులు పట్టింది ఆ పనికి. ఆ తర్వాత ఊళ్ళో పెళ్ళయినా, గృహప్రవేశమైనా "ఆ గాజు అక్షరాలే కావాల" అనేవారు. షాపు యజమాని కోటిలింగం గారు నన్ను తానే కన్నంత సంబరపడ్డాడు. ఫైలు ఎవరికీ ఇవ్వొద్దని నాగూర్ బీకి రోజూ చెప్పేవాడు. ఎవరికీ ఇవ్వొద్దని అన్నిసార్లు చెప్పే మనిషిని నేను అప్పుడే అనుమానించాల్సింది.

మా షాపులో పెద్ద ఫ్లెక్సీలు అచ్చువేసే మిషను లేదు. గుంటూరు ప్రెస్సుకు పంపుతాం. పంపేముందు నాగూర్ బీ మెరుపు, నీడ, పేరు అని విడివిడిగా ఉన్న నా పొరలన్నీ కలిపి ఒకే బొమ్మగా చేసేది. అలా అతికించాక లోపలి కిటుకు ఎవరికీ దొరకదు. ప్రెస్సు వాళ్ళకు మా ఎదురుగా ఉన్న ఫ్లెక్సీల షాపు కూడా ఖాతాదారే మరి.

ఆ శ్రావణంలో నాగూర్ బీ అక్క కాన్పుకని మాచర్ల వెళ్ళి నాలుగు రోజులు రాలేదు. సరిగ్గా అప్పుడే కోటిలింగం గారి కూతురి కూతురు మోక్షిత ఓణీల ఫంక్షన్ వచ్చిపడింది. ఫ్లెక్సీ ఆయనే చేశాడు. అమ్మాయి పేరు గాజు అక్షరాల్లో పెట్టడం ఒక గంటలో అయింది. కింద మేనమామల పేర్లు మాత్రం రెండు రోజులైనా తెగలేదు. సొంత మేనమామలు ఇద్దరే. వరసకు మేనమామలు ఎంతమందో దేవుడికే తెలియాలి. ఒకరి పేరు ఎక్కిస్తే ఇంకొకరు అలిగేవారు. పదకొండో పేరు దగ్గర ఆయనకు విసుగొచ్చింది. పొరలు కలపకుండా నన్ను ఉన్నదున్నట్టు ప్రెస్సుకు పంపి, ఫోనులో అరిచాడు.

"ఫైలు తెరిచే పంపిచ్చా. ఇంకో మేనమామ పుట్టుకొస్తే మీరే ఎక్కిచ్చుకోండి!"

తర్వాత అదే విసుగులో ఆ పేరున్న ఇక్కడి కాపీని తానే చెరిపేశాడు. మోక్షిత పేరున్న నేను గుంటూరులో ఒక్కచోటే మిగిలాను, ఏ పేరూ ఎక్కని అసలు నేను ఇక్కడ. నాగూర్ బీ ఆ కాపీని చూడనైనా చూడలేదు.

నెల తిరక్కుండా ఎదురు షాపు ఫ్లెక్సీల మీద అవే గాజు అక్షరాలు, అదే మెరుపు. కోటిలింగం గారు మండిపడ్డాడు. షాపు ముందు, దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, నాగూర్ బీని నిలదీశాడు.

"ఎవురికిచ్చావమ్మా ఫైలు? పెన్‌డ్రైవులో పెట్టుకొని పోయావా?"

"నేనియ్యలా బాబాయ్. మా అమ్మ మీద ఒట్టు."

"మరెవురిచ్చారు, నేనిచ్చానా? ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంట!"

సామెత సరైనదే, మనిషే తప్పు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఫైలుకు నోరెక్కడిది? నాగూర్ బీ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత బజారులో మరో రెండు షాపుల్లో పని అడిగిందట. "ఫైళ్ళు పట్టుకుపోయే అమ్మాయి" అని ఎవరూ పెట్టుకోలేదు. అది విన్నప్పుడు నేను పుట్టకపోయినా బాగుండేది అనిపించింది.

పది రోజుల తర్వాత కోటిలింగం గారి భార్య సామ్రాజ్యం గారు ఫోను పట్టుకుని వచ్చింది. ఎదురు షాపు వాళ్ళు ఎవరిదో గృహప్రవేశానికి ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. దాన్ని ఫొటో తీసుకొచ్చి మా కంప్యూటర్లో పెద్దది చేయించింది. గాజు అక్షరాల్లోంచి, వెనక పల్చగా, ఒక పేరు కనిపిస్తోంది. వాళ్ళు పేరు మార్చినా పాత పేరు నీడ ఒక పొరలో మిగిలిపోయింది. చిన్న తెరమీద తెలియలేదు గానీ ఇరవై అడుగులకు సాగేసరికి బయటపడింది.

"మన మోక్షిత పేరు వాళ్ళింటి మీదెందుకుందయ్యా?" అంది ఆమె.

కోటిలింగం గారు ఎవరూ అడక్కముందే "నేనేం పంపలా" అన్నాడు. గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

"మోక్షిత ఫ్లెక్సీ పంపింది నువ్వే. ఇంకో మేనమామ పుట్టుకొస్తాడని ఫోన్లో అరిచింది నేనిన్లా? ఆ పిల్ల అప్పుడు మాచర్లలో ఉంది."

ఆయన ఆ ఫొటో మూసేశాడు. మర్నాడు స్వయంగా వెళ్ళి నాగూర్ బీని వెంటబెట్టుకొచ్చాడు. మళ్ళీ బుట్టలో వేసుకుంటాడేమోనని నాకు అనుమానం.

"జరిగిందేదో జరిగింది. కూర్చో అమ్మా, పనులు ఆగిపోయినై."

నాగూర్ బీ కూర్చోలేదు. "దొంగనన్నది రోడ్డు మీద బాబాయ్. కాదని కూడా రోడ్డు మీదే చెప్పాల."

"ఎట్టా చెప్పమంటావ్, మైకు పెట్టాల్నా?"

"మనది ఫ్లెక్సీల షాపు గదా."

ఆయన ఎదురు షాపు వైపు ఒకసారి చూశాడు. చివరికి "చిన్నది వెయ్" అన్నాడు. నాగూర్ బీ అప్పుడు కూర్చుంది. పది అడుగులది మొదలుపెట్టింది. ఫ్లెక్సీ అన్నాక చేతులు జోడించిన ఫొటో ఉండాలి కదా, కోటిలింగం గారిది పండగ శుభాకాంక్షలకు వాడేది సిద్ధంగా ఉంది. ఆ దండానికి అర్థం రావడం అదే మొదటిసారి.

మాటలు వేసే ముందు నన్ను తెరిచింది. ఈసారి నేను అనుమానపడలేదు, ఆశపడ్డాను. నా మెరుపును కాసేపు చూసి, ఏమీ ముట్టుకోకుండా నన్ను మూసేసింది. పసుపు రంగు మీద, వెనక ఏదీ కనిపించని లావుపాటి నల్లటి అక్షరాలతో ఇలా వేసింది: "నాగూర్ బీ ఏ ఫైలూ ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చింది నేనే. – కోటిలింగం."