ఇంగ్లీషు పట్టిన ఇల్లు

ఆ ఇంటికి ఇంగ్లీషు పట్టిందట. కింది వాటాలో ఇస్త్రీ చేసే ఆవిడ అన్నదని, మూడో అంతస్తు ఆవిడ మెట్ల మీద నిలబడి నలుగురికీ చెప్పింది. ఈ మూడో అంతస్తు ఆవిడని మేడలో అందరూ రేడియో అంటారు. దయ్యం పట్టినవాళ్లని చూశాం, పిచ్చి పట్టినవాళ్లని చూశాం, ఇంగ్లీషు పట్టిన కొంపని ఇదే చూడటం అందట ఇస్త్రీ ఆవిడ. ముసలావిడ గుండెకి కోత పెట్టించుకుని ఆసుపత్రి నుంచి వస్తే, కొడుకూ కోడళ్లిద్దరూ ఆమె మంచం చుట్టూ చేరి దొరల్లా మాట్లాడుకుంటున్నారట.

"చిన్నకోడలంటే పంతులమ్మ, అనుకోవచ్చు" అంది రేడియో. "అట్టపెట్టెల కార్ఖానాలో జిగురు రాసే పెద్దకోడలు కూడానమ్మా! మొన్నటిదాకా నీళ్ల పంపు దగ్గర నాతో అచ్చ తెలుగులో తిట్టించుకున్న మనిషి. ముసల్దాని పేరున ఉన్న ఈ వాటా రాయించుకోవడానికే ఇదంతా. లేకపోతే కన్నతల్లి ముందు దాపరికమేంటి?"

రేడియోకి ఎప్పుడూ సగమే అందుతుంది. దాపరికం మాత్రం నిజమే. ఆ ఇంట్లో ఒక చావుని దాచిపెట్టారు.

ముసలావిడ పెద్దకొడుకు లిఫ్టు మెకానిక్కు. తల్లికి ఆపరేషన్ అన్న రోజునే పక్క ఊళ్లో ఒక మేడకి లిఫ్టు బిగించే పని పడింది. "పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తానే అమ్మా, నువ్వు కళ్లు తెరిచేసరికి నీ ఎదురుగా ఉంటా" అని చెప్పి పోయాడు. లిఫ్టు దిగాల్సిన గోతిలోకి పైనుంచి తనే దిగిపోయాడు. తమ్ముడూ, పెద్దకోడలూ వెళ్లి, జరగాల్సినవి అక్కడికక్కడే జరిపించేసి, బండెక్కి నేరుగా ఆసుపత్రికి వచ్చారు. డాక్టరు చిన్నకొడుకుని వరండాలోకి పిలిచి, "గుండె పచ్చిపుండు. మళ్లీ నేను చూసేదాకా ఏ చెడ్డ కబురూ చెవిన పడకూడదు" అన్నాడు.

దాంతో పెద్దకొడుకు ఓడెక్కాడు. సముద్రం మధ్య పెద్ద ఓడలో లిఫ్టు చెడిపోతే బాగుచేయడానికి పిలిపించుకున్నారనీ, అక్కడ ఫోన్లు పలకవనీ ముసలావిడకి చెప్పారు. మేడలో ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. రేడియో కాపురమున్న మేడలో ఒకరికి చెబితే ఊరందరికీ చెప్పినట్టే.

చావన్నాక దాని వెనకాల సవాలక్ష పనులు. కంపెనీవాళ్లతో మాట్లాడాలి, కాగితాలు తేవాలి, ఆయన సామాన్లు తెచ్చుకోవాలి. చూస్తే అగ్గిపెట్టెంత ఇల్లు. ముసలావిడ మంచం నడిగదిలో. గుసగుసలాడితే అనుమానం. గట్టిగానే మాట్లాడాలి, అర్థం మాత్రం కాకూడదు.

"మామూలు ఇంగ్లీషు పనికిరాదే" అన్నాడు చిన్నకొడుకు పెళ్లాంతో. "మా అమ్మకి డెత్తు తెలుసు, బాడీ తెలుసు, ఎక్స్‌పైరూ తెలుసు. మందు సీసా మీద ఎక్స్‌పైరీ చదివి వినిపించందే గుక్క దింపదు. ముక్క ముక్కా తెలిసినా మొత్తం కలిపితే అంతు చిక్కని మాటలు కావాలి. నువ్వు క్లాసులో చెబుతావే, అలాంటివి."

చిన్నకోడలు సాయంత్రాలు కోచింగ్ సెంటర్లో మాట్లాడే ఇంగ్లీషు నేర్పుతుంది. దొరలు రోజూ వాడే నుడికారాలు, సామెతలు, వీధి మాటలు. పొట్టకూటి విద్య ఇంటి గుట్టుకి పనికొస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

అలా వంటగదిలో బడి మొదలైంది. పొద్దున్నే, కుక్కరు కూతల చాటున. పోవడం "పాస్ అవే". గండం గట్టెక్కడం "పుల్ త్రూ". రహస్యం బయటపెట్టడమంటే సంచిలోంచి పిల్లిని వదలడం. చెడ్డ కబురు చెప్పడం "బ్రేక్ ద న్యూస్", అంటే కబురుని కొబ్బరికాయలా పగలగొట్టడమన్నమాట. కొరియర్ ఆఫీసు గుమాస్తా అయిన చిన్నకొడుకు తడబడుతూ వల్లించేవాడు. పదో తరగతితో చదువాపేసిన పెద్దకోడలికే తొందరగా పట్టుబడింది. అవసరమున్న చేతికి పనిముట్టు తొందరగా అలవాటవుతుంది. వాన పడితే కుండపోతే తప్ప చినుకులుండవని దొరలకో సామెత ఉందనీ, మన గోరుచుట్టు మీద రోకటిపోటు లాంటిదనీ చిన్నకోడలు చెబితే, ఆమె తలెత్తి, "అయితే వాళ్ల ఇళ్లల్లో కూడా ఇలాగే జరుగుతుందన్నమాట" అంది.

అదే వారం కోచింగ్ సెంటర్లో "కిక్ ద బకెట్" పాఠం వచ్చింది. ఏటా పొట్టచెక్కలయ్యే పాఠం. "బాల్చీ తన్నేశాడని మనమూ అంటాం కదా మేడం" అని ఒకడు, "టపా కట్టేశాడు" అని ఇంకొకడు, "బకెట్టు తంతే నీళ్లు పోవాలి గానీ ప్రాణం పోవడమేంట్రా" అని వెనక బెంచీ. చిన్నకోడలు బోర్డు వైపు తిరిగి, రాసిన అక్షరాల మీదే మళ్లీ రాస్తూ నిలబడింది, నవ్వులు అణిగేదాకా.

ఇంట్లో ఇంకో పాఠం నడుస్తోంది. పెద్దకోడలు అత్తగారికి జావ పడుతూ, చెంచా ఊదుతూ, నీళ్లు తెమ్మన్నంత మామూలు గొంతుతో "ఐ యామ్ ఫాలింగ్ అపార్ట్" అంది. కుప్పకూలిపోతున్నాను అని.

"హ్యాంగ్ ఇన్ దేర్, అక్కా" అంది చిన్నకోడలు బట్టలు మడతపెడుతూ. ఇంకాస్త పట్టుకుని ఉండమని.

"ఐ కెనాట్ కీప్ ఇట్ అప్." ఈ నటన ఇక నావల్ల కాదని.

"ఏమంటోందే పెద్దది?" అంది ముసలావిడ.

"జావలో ఉప్పు తగ్గిందంటోంది అత్తయ్యా."

"ఓసి, ఉప్పు తగ్గిందనడానికి ఇంత పొడుగు మాటా? మా కాలంలో మూతి విరిస్తే సరిపోయేది." ముసలావిడ కుట్ల మీద చెయ్యి అదుముకుని నవ్వింది. చిన్నకోడలు నవ్వింది. పెద్దకోడలూ నవ్వింది. ఆమెకి అదీ అలవాటైంది.

రంగు బట్టలు కట్టుకోవాలి, ఎప్పటిలా తల దువ్వుకోవాలి, ఓడ మీద మొగుడున్న మనిషిలా ఉండాలి. స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని ఏడుద్దామంటే, "అంతసేపు నీళ్లు పారబోస్తావేంటే, జలుబు చేస్తుంది" అని అత్తగారి కేక. కార్ఖానాలో ఏడుద్దామంటే పక్క మనిషి రేడియోకి అక్క కూతురు. మొగుడు పోయిన మనిషికి ఏడవడానికి జానెడు చోటు లేకుండా పోయింది.

కంపెనీ నుంచి ఆయన పనిముట్ల సంచి వచ్చింది. పెద్దకోడలు దాన్ని వంటగదిలో కింద కూర్చుని విప్పింది. స్పానర్లు, నూనె గుడ్డ, అడుగున అన్నం గిన్నె. ఆ రోజు తిన్న గిన్నె, కడగనిది. మూత తీసి చూసింది. "అయ్యో... నీళ్లన్నా పోసి పెట్టుకోలేదే..." అని మొదలైంది ఆమె గొంతు. అది కడుపులోంచి వస్తున్న గొంతు. ఇంకో క్షణముంటే మేడంతా వినబడేది.

చిన్నకోడలు ఒక్క ఉదుటున వచ్చి ఆమె నోరు మూసేసింది. ఒక చెయ్యి తల వెనక, ఒక చెయ్యి నోటి మీద. చెవిలో, "ఇంగ్లీషులో అక్కా... ఇంగ్లీషులో" అంది. ఏం అంటోందో తనకే తెలియలేదు. అరచేతికి వేడి ఊపిరి తగిలింది, తర్వాత పళ్లు దిగాయి. అయినా చెయ్యి తీయలేదు.

"ఏంటే ఆ చప్పుడు?" నడిగదిలోంచి.

"గిన్నె జారిపడింది అత్తయ్యా."

ఆ సాయంత్రం క్లాసులో సుద్దముక్క ఎడమచేత్తో పట్టుకుంటే, "మేడం, కుక్క కరిచిందా?" అని అడిగారు. అవునంది. రాత్రి అన్నం కలుపుకుంటే ఆ గాటు మండింది. మండాలనే అనుకుంది.

"చెకప్పు అయ్యేదాకానే అక్కా" అని మర్నాడు మాటిచ్చింది. "డాక్టరు సరేనన్న రోజునే చెప్పేద్దాం. ఆ తర్వాత నిన్నెవరూ ఆపరు." పెద్దకోడలు ఆ మాట పట్టుకుని వేలాడింది.

ఈలోగా ముసలావిడకి కొత్త ముచ్చట పుట్టింది. "ఇంట్లో అందరూ దొరలైపోయారు, నేనొక్కదాన్నే బంట్రోతులా మిగిలాను. నాకూ నాలుగు ముక్కలు నేర్పవే" అంది. చిన్నకోడలు ఏరి ఏరి, ముల్లు లేని సామెతలు చెప్పింది. సకాలంలో వేసిన ఒక కుట్టు తర్వాతి తొమ్మిది కుట్లు తప్పిస్తుందంటే, "నా గుండెకి ఎన్ని వేశారో అడగాల్సింది" అని ముసలావిడ నవ్వింది. ఒక్క సామెత మాత్రం ఆమెకి తెగ నచ్చింది. నో న్యూస్ ఈజ్ గుడ్ న్యూస్.

"అంటే?"

"కబురు రాకపోతే క్షేమమేనని అత్తయ్యా." చెప్పాక నాలుక కరుచుకుంది.

"పెద్దోడి దగ్గర్నుంచి కబురు లేదు. అంటే వాడు క్షేమమే కదే?"

చిన్నకోడలు దిండు సర్దింది. "అవును అత్తయ్యా."

ఆనాటి నుంచి రోజూ దీపాల వేళకి, "ఆ ముక్క చెప్పవే" అని అడిగేది. చెప్పించుకుని, తనూ వంకర నాలుకతో అప్పజెప్పి, గోడ వైపు తిరిగి పడుకునేది. మందు బిళ్ల మరిచినా అది మాత్రం మరవలేదు.

చెకప్పు రోజు వచ్చింది. డాక్టరు చెవికి గొట్టం పెట్టుకుని విని, "రాయిలా ఉంది. ఇక ఏదైనా చెప్పుకోవచ్చు" అన్నాడు. ఇంట్లో పెద్దకోడలు ఆ పూట కార్ఖానాకి సెలవు పెట్టి గుమ్మంలోనే నిలబడి ఉంది. చిన్నకొడుకు తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, వదిన మొహం చూడకుండా, "నాట్ యెట్ వదినా. లెట్ స్లీపింగ్ డాగ్స్ లై" అన్నాడు.

ఆమెకి ఆ పాఠం ఇంకా కాలేదు. వంటగదిలోకి వచ్చి, "దానర్థమేంటి చెల్లీ?" అంది.

"ఇంకొన్నాళ్లు ఆగుదామని. పడుకున్న కుక్కల్ని లేపొద్దంటారు, సామెత."

"కుక్కలెవరు?"

"ఎవరూ కాదక్కా. ఊరికే సామెత."

పెద్దకోడలు పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా కదలలేదు. చిన్నకోడలే దింపింది.

"ఇంకొక్క నెల" అన్నాడు మొగుడు వెనకనుంచి వచ్చి, గొంతు తగ్గించి. "అమ్మకేమన్నా అయితే నువ్వు తెస్తావా?"

"అక్కకి ఏమన్నా అయితే మీరు తెస్తారా?" అని, చిన్నకోడలు చెయ్యి తుడుచుకుంది. అరచేతిలో గాటు ఇంకా మానలేదు. నేరుగా నడిగదిలోకి వెళ్లి మంచం అంచున కూర్చుంది. మొగుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"అత్తయ్యా, మీకో మాట చెప్పాలి."

ముసలావిడ ఆమె మొహం చూసింది. "తెలుగులో మొదలెట్టావు. వద్దు. ఆ ముక్క చెప్పు."

"అది కాదత్తయ్యా. బావగారు..."

"తెలుసే."

ముసలావిడ దిండుకి చేరగిలబడింది.

"కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఉంటానన్నాడు. తెరిచాను. లేడు. పెద్దది ఉంది, కాళ్లు చూసుకుంటూ. వాడు నాకిచ్చిన మాట తప్పాడంటే ఏమై ఉంటుంది? దానికి ఇంగ్లీషు రావాలా?"

చిన్నకొడుకు గుమ్మం పట్టుకున్నాడు. "మరి ఒక్కసారన్నా అడగలేదేంటమ్మా?"

"అడిగితే చెప్పేస్తారుగా! చెబితే వాడు పోతాడు. మీరు ఆ భాషలో ఏదేదో అనుకుంటుంటే, నాకర్థం కాలేదు కాబట్టి వాడు ఓడ మీదే ఉన్నాడు. లిఫ్టు బాగుచేస్తున్నాడు. పొద్దున లేవగానే ప్రాణానికి అంత ఊరట." ముసలావిడ చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. సరిగ్గా గాటు మీదే. "చెకప్పు అయ్యాక ఇక ఆ కబురు పగలగొట్టేస్తారేమోనని నిన్న రాత్రంతా నిద్ర లేదు నాకు. కన్నతల్లిని. ఇంకొన్నాళ్లు ఇలాగే కానివ్వండే. మీ పాటికి మీరు మాట్లాడుకోండి, నేనేం విననట్టే ఉంటాను. మీకేం పోయింది?"

వంటగది గుమ్మంలో పెద్దకోడలు మందు గ్లాసుతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. గ్లాసు కిందపెట్టింది.

"నా మొగుడు పోయాడు అత్తయ్యా" అంది. "నేనింకా ఏడవనే లేదు."