గోడ మీద రెండంగుళాలు

వేళ్ళకు సుద్దపొడి.

పొడిగా, చల్లగా, వేలికొసల మీద మెత్తగా. సరస్సు మీంచి గాలి వీచిందంటే అది లేచి కళ్ళల్లో పడేది.

థర్మన్‌కు ఇప్పుడు యాభై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, పీతలా దిగుతాడు. అయినా ఆ పొడి వాసన తగిలితే చాలు... మడమలు వాటంతటవే లేస్తాయి.

ఈ ఉదయం ఆ వాసన కోసమే వెళ్తున్నానని భార్యకు చెప్పాడు.

అబద్ధం. లూషస్‌కు ఒక నిజం చెప్పడానికి వచ్చాడు. రేపు గోడ కూలుస్తారు. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేడు.

చికాగో పక్కన గ్యారీ ఊళ్ళో, పాత జిమ్ వెనకాల ఇటుక గోడ అది. దాని మీద పేర్లు. ప్రతి పేరుకూ రెండు గీతలు.

కింది గీత — మడమలు నేలకానించి, చెయ్యి పైకి చాచితే వేళ్ళు అందిన చోటు.

పై గీత — ఎగిరితే అందిన చోటు.

పొడుగువాడివా, పొట్టివాడివా అని ఆ గోడ అడగదు. రెండు గీతల మధ్య ఎన్నంగుళాలో అదొక్కటే అడుగుతుంది. జిమ్ తాళాలు చూసుకునే మిస్ ఎర్లీన్, వానకు ఆ గీతలు చెరిగిపోకుండా తన ఎర్ర గోళ్ళరంగు తెచ్చి వాటిమీద పూసేది. సీసాలు సీసాలు అయిపోయేవి. ఆవిడ గోళ్ళకు మాత్రం రంగు ఉండేది కాదు.

ఆ వేసవి... ఎనభై నాలుగు.

థర్మన్, లూషస్. ఇద్దరికీ పద్దెనిమిది.

తెల్లారకముందే సరస్సు ఒడ్డుకు. ఇసుక దిబ్బలు. పైకి పరుగు. అడుగు వేస్తే అరడుగు కిందికి జారేది. మళ్ళీ అడుగు. మళ్ళీ జారుడు. పిక్కలు మండేవి. గొంతు ఎండేది. పైకి చేరితే మాత్రం... ఎదురుగా నీళ్ళు, నీళ్ళు, ఆకాశం.

పాత మేజోళ్ళలో ఇసుక నింపి చీలమండలకు కట్టుకున్నారు. అవి కట్టుకునే నడిచారు, అవి కట్టుకునే చర్చికెళ్ళారు. జూన్ అంతా ఆ ఇసుక కాళ్ళతోనే.

విప్పేసిన రోజు —

అబ్బ, ఆ తేలిక!

నేల తనను మర్చిపోయిందేమో అనిపించింది థర్మన్‌కు. మూడడుగులు, ఒక తొక్కుడు, అంతే. బాస్కెట్‌బాల్ రింగు కళ్ళ ముందుకొచ్చింది. బంతిని దాన్లోకి దించేశాడు. ఇనుప గొలుసుల వల గలగలమంది. ఆ చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

"ఏంట్రా ఆ ఎగురుడు? నీ కాళ్ళ కింద న్యూస్‌పేపరు కూడా దూరదు!" అని లూషస్ అరుపు.

"ముందు నువ్వు పేపరంత పొడుగు పెరగరా పొట్టోడా!"

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అని మిస్ ఎర్లీన్ చీపురు విసిరేది. "దిగి కోర్టు ఊడవండి ఇద్దరూ!"

ఎంత నవ్వుకున్నారో. అన్ని నవ్వులూ ఎక్కడికి పోయాయో.

ఆ జూలైలోనే కబురొచ్చింది. చికాగోలో డంక్ పోటీ, ఎగిరి బంతిని రింగులోకి దించే పోటీ. ఊరి నుంచి ఒక్కరికే చోటు. ఎవరు వెళ్ళాలో గోడే చెప్పాలి.

గోడ దగ్గర ఒక ఆచారముంది. కొలిచేది స్నేహితుడు కాదు, పోటీదారు. వాడి కంటికి ఏదీ తప్పదు గనక. కింది గీత పడేముందు వాడు పక్కన నిలబడి ఒక మాట అనాలి — "భుజం లేపు." ఎందుకంటే భుజం కాస్త దించితే కింది గీత కిందికి పోతుంది. కింది గీత ఎంత దిగితే, ఎగురుడు అంత పెరిగినట్టు కనిపిస్తుంది.

ముందు లూషస్ నిలబడ్డాడు. "భుజం లేపు" అన్నాడు థర్మన్. లూషస్ లేపాడు, ఉన్నదంతా లేపాడు. తర్వాత ఎగిరాడు. నలభై ఒకటిన్నర.

తర్వాత థర్మన్.

సుద్దపొడిలో వేళ్ళు ముంచాడు. ఇటుకలకు ఛాతీ ఆనించాడు. చెయ్యి చాచాడు.

భుజం... దించాడు.

రెండంగుళాలు.

సరస్సు పక్షులు అరుస్తున్నాయి. పక్కనే లూషస్ ఊపిరి. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని ఎదురుచూశాడు థర్మన్. అంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

లూషస్ అనలేదు.

"సరే," అన్నాడంతే.

గీత పడింది. థర్మన్ ఎగిరాడు. నలభై మూడు.

నిజానికి నలభై ఒకటి.

చికాగోలో థర్మన్‌కు మూడో స్థానమొచ్చింది. అక్కడ చూసిన కాలేజీ వాళ్ళెవరో పిలిచి చదువు చెప్పించారు. తర్వాత బడిలో ఆటల మాస్టారి ఉద్యోగం. మెళ్ళో ఈల, ముప్పై ఏళ్ళు.

లూషస్ ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ముప్పై నాలుగేళ్ళు కొలిమి ముందు. నడుం వంగింది. చేతికి కర్రొచ్చింది.

ఆదివారాలు ఇద్దరూ కలిసి వేయించిన చేప తింటారు. ఎన్ని ఆదివారాలు! ఎవరైనా ఆ పోటీ మాటెత్తితే థర్మన్ చెయ్యి భుజం మీదికి పోతుంది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం మరి. లూషస్ చేప ముళ్ళు తీసుకుంటూ ఉంటాడు, తలెత్తడు.

ఇవాళ గోడ దగ్గర జనం. మిస్ ఎర్లీన్ లేదు. ఆవిడ కాఫీ డబ్బా ఉంది, అందులో సుద్దపొడి. పాతవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళి తమ కింది గీతను ఆఖరుసారి తాకుతున్నారు. తాకి నవ్వుతున్నారు. ఒకరిద్దరు ఏడుస్తున్నారు.

"లూషస్," అన్నాడు థర్మన్. "ఆ రోజు... నేను..."

లూషస్ డబ్బా ముందుకు చాచాడు.

"ముందు నిలబడరా. మాటలు తర్వాత."

థర్మన్ వేళ్ళు ముంచాడు. ఇటుకలకు ఛాతీ ఆనించాడు. అవే ఇటుకలు... చల్లగా. చెయ్యి చాచాడు.

పక్కనే లూషస్ ఊపిరి.

"భుజం లేపు."

నలభై ఒక్కేళ్ళు ఆలస్యంగా వచ్చిందా మాట.

థర్మన్ కళ్ళు మూసుకున్నాడు. లేపాడు. ఎముక కలుక్కుమంది. ఇంకా లేపాడు. దాచుకోకుండా, మిగుల్చుకోకుండా, ఉన్నదంతా. దొంగగీతకు రెండంగుళాల పైన నా వేళ్ళు ఆగుతాయి, అందరూ చూస్తారు, చూడనీ అనుకున్నాడు.

కళ్ళు తెరిచాడు.

వేళ్ళు ఎర్రగీత మీదే ఉన్నాయి.

పైకి కాదు, కిందికి కాదు. సరిగ్గా దాని మీదే. వెన్ను కుంగి ఒకంగుళం, భుజం బిగిసి ఒకంగుళం. వయసు తీసుకుపోయింది.

జనం చప్పట్లు. "చూడండి, సరిగ్గా అక్కడే! మాస్టారు పిసరంత కూడా తగ్గలేదు!"

థర్మన్‌కు ఏడుపొచ్చింది. చెప్పాలనుకున్న నిజానికి సాక్ష్యమే లేకుండా పోయింది.

లూషస్ చెవి దగ్గరికి వంగాడు. మెల్లగా, నవ్వుతూనే అన్నాడు.

"నిజంగా ఆ గీత దగ్గరికి రావడానికి నీకు నలభై ఒక్కేళ్ళు పట్టింది కదరా."

థర్మన్ తల తిప్పాడు.

"చూశావా నువ్వు... మరి అప్పుడెందుకు అనలేదురా? ఆ ఒక్క మాట?"

లూషస్ కర్ర మీద బరువు మోపి సరస్సు వైపు చూశాడు. పక్షులు అరుస్తున్నాయి. దూరంగా ఇసుక దిబ్బలు, వాటి మీద ఎవరి అడుగులూ లేవు.

థర్మన్ చెయ్యి దించలేదు.

వేళ్ళకు సుద్దపొడి. పొడిగా, చల్లగా...

సరస్సు మీంచి గాలి వీచింది. అది లేచి ఇద్దరి కళ్ళల్లోనూ పడింది.