వినని పాఠం

నాలుగో తరగతి రోజాకి తెలుగు వాచకమంతా నోటికి వచ్చు. పక్కపిల్లలు చదువుతుంటే విని పట్టేసింది. టీచరు లేపితే పుస్తకం పట్టుకుని గడగడా అప్పజెప్పేసేది. పరీక్షలో మాత్రం తెల్లకాగితం ఇచ్చేది. ఉద్దానం తీరంలోని ఆ చిన్న బడిలో మూడేళ్లుగా అందరూ ఆమెకు బద్ధకమనే అనుకున్నారు.

2004లో కళావతి టీచరు ఆ బడికి బదిలీ మీద వచ్చింది. ఒకరోజు వాచకంలో లేని వాక్యం బోర్డు మీద రాసి రోజాని చదవమంది. పిల్ల పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. కళావతి కోప్పడలేదు. టెక్కలిలో ఉండే జోగారావు మాస్టారికి కబురు పెట్టింది. చదవడానికి ఇబ్బందిపడే పిల్లల్ని పరీక్షించి, వాళ్లకు నేర్పడం ఆయన ఉద్యోగం.

పరీక్షకు రోజా తండ్రి నూకయ్య కూడా వచ్చాడు. చేపల వేట నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, లుంగీ ఇంకా తడిగానే ఉంది.

జోగారావు ముందు అక్షరాలు చూపించాడు. రోజా 'మ'ని 'య' అంది, 'ప'ని 'వ' అంది. తర్వాత 'గుమటి', 'లపేతు' లాంటి అర్థంలేని మాటలు రాసిచ్చాడు. ఒక్కటీ పలకలేకపోయింది. నూకయ్య తల దించుకున్నాడు.

"ఇప్పుడు నేను చదువుతాను, నువ్వు వినమ్మా" అని జోగారావు ఏడో తరగతి పాఠం ఒకటి చదివి పది ప్రశ్నలు అడిగాడు. రోజా పదింటికీ జవాబు చెప్పింది. పదకొండోది తనే అడిగింది.

"మరి ఆ ఏనుగు ఏటైపోనాది మాస్టారూ?"

జోగారావు నవ్వేశాడు. "నూకయ్యా, నీ కూతురి తెలివికి ఏ లోటూ లేదు. అక్షరాన్నీ దాని చప్పుడునీ జతచేసుకోవడమే ఆమెకు కష్టం. నేర్పే పద్ధతి వేరే ఉంది."

"నానేటి సెయ్యాలి బాబూ? నాకూ సదువు రాదు."

"ఇసక ఉంది కదా!"

మర్నాటి నుంచి కళావతి బడిలో రోజుకొక అక్షరం చెప్పేది. సాయంత్రం నూకయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటుంటే, రోజా తడి ఇసకలో అదే అక్షరం పుల్లతో బారెడు పొడుగున గీసి, దాని మీద నడుస్తూ గట్టిగా పలికేది. తండ్రి కూడా పక్కన వేలితో గీసేవాడు.

"అది 'య' నాన్నా! 'మ' కాదు, సరిగ్గా సూడు!" అని కూతురు గదమాయించేది.

ఒత్తుల దగ్గర రెండు నెలలు పట్టింది. ఏడ్చింది. పుల్ల విసిరికొట్టి వెళ్లిపోయి, మళ్లీ వచ్చింది.

ఏప్రిల్‌లో జోగారావు తిరిగొచ్చాడు. రోజా ఎవరి నోటా వినని కథ కావాలని తనే ఒక పేజీ రాసుకొచ్చాడు. ఎంతసేపట్లో చదువుతుందో చూడటానికి గడియారం ముందు పెట్టుకున్నాడు. నూకయ్య గుమ్మంలో నిలబడ్డాడు. రోజా వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"పలాస స్టేషన్లో... కోతి... టీసీ నల్లకోటు... వేసుకుని... ప్ర... ప్రయా... ప్రయాణికుల్ని... టికెట్లు... అడిగింది."

అక్కడ ఆగిపోయింది. తప్పు గుర్తు పెట్టడానికి జోగారావు పెన్సిలు ఎత్తాడు. అంతలో పిల్ల కిసుక్కుమంది. మరుక్షణం కడుపు పట్టుకుని పడీపడీ నవ్వింది.

"నాన్నా! కోతి టికెట్లు అడిగీసినాదంట!"

జోగారావు గడియారం సంగతే మరిచిపోయాడు. కళావతి ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. నూకయ్య గుమ్మం వదిలి లోపలికి వచ్చేశాడు.

"మరి టికెట్లు ఇచ్చినారేటే?"

"ఉండు నాన్నా, సదివి సెప్తాను" అని రోజా మళ్లీ పేజీ మీదకు వంగింది.